వడ్డీ రేట్ల అనిశ్చితి: గడువు డిపాజిట్ల ఎంపిక

ఇంత కాలం కదపనని ఒప్పుకుని బ్యాంకులో వేసే సొమ్ము గడువు డిపాజిట్. వేసిన రోజున ఏ వడ్డీ రేటు రాసుకున్నారో గడువు తీరేదాకా అదే నడుస్తుంది. ఊళ్లలో దీన్ని ఫిక్స్‌డ్ అనీ ఎఫ్‌డీ అనీ, బ్యాంకు చేతికిచ్చే రసీదును బాండు అనీ అంటారు. భారతదేశంలో బ్యాంకులు 7 రోజుల నుంచి 10 ఏళ్ల వరకు ఈ డిపాజిట్లు తీసుకుంటాయి. వెయ్యడం తేలికే. ఎంత కాలానికి వెయ్యాలన్న దగ్గరే అసలు చిక్కు. ఐదేళ్లకు వేశాక రేట్లు పెరిగితే తక్కువ వడ్డీలో ఇరుక్కుపోతాం. ఏడాదికే వేస్తే, మళ్లీ వేసే నాటికి రేట్లు పడిపోయి ఉండొచ్చు. మొదటి నష్టం ఎదురుగా కనిపిస్తుంది కాబట్టి అందరూ దానికే భయపడతారు. రెండోది చప్పుడు లేకుండా వస్తుంది. రిటైరై వడ్డీ మీద ఇల్లు నడుపుకునేవారిని ఎక్కువగా దెబ్బతీసేది ఆ రెండోదే.

తేడా ఎంతో ముందే తెలిస్తే మనసు కుదుటపడుతుంది. చేబదుళ్ల దగ్గర తెలుగువారు వడ్డీని నూటికి నెలకు ఇంత అని చెప్పుకుంటారు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం. ఆ లెక్కన 7 శాతం ఎఫ్‌డీ అంటే 58 పైసల వడ్డీ. బ్యాంకు రేట్ల పట్టికలో ఒక గడువుకూ మరో గడువుకూ ఉండే అర శాతం తేడా నాలుగు పైసలు.

రేట్లు నడిచిన దారి

ఒకప్పుడు డిపాజిట్ రేట్లను రిజర్వు బ్యాంకే నిర్ణయించేది. ఏ బ్యాంకుకు వెళ్లినా దాదాపు ఒకటే వడ్డీ. 1995 అక్టోబరులో రెండేళ్లు దాటిన డిపాజిట్లకూ, 1996లో ఏడాది దాటినవాటికీ, 1997 అక్టోబరులో మిగిలినవాటికీ ఆ పట్టు సడలించారు. అప్పటి నుంచి ఎవరి పట్టిక వారిదే.

1991-92లో దీర్ఘకాల డిపాజిట్లకు 13 శాతం వచ్చేది. 2003-04 నాటికి అది 5 శాతం చుట్టుపక్కలకు దిగింది. 2011-12లో మళ్లీ 9 శాతం దాటింది. పన్నెండు శాతం ఎల్లకాలం ఉంటుందని తొంభైలలో ఇంటి ఖర్చులు లెక్క వేసుకున్న వారికీ, ఇక రేట్లు లేవవని 2003లో తీర్మానించుకున్న వారికీ అనుకున్నది జరగలేదు.

ఇటీవలి కథ చూస్తే విషయం ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. బ్యాంకులకు రిజర్వు బ్యాంకు స్వల్పకాలానికి అప్పిచ్చే రేటును రెపో అంటారు. 2016లో ఏర్పడిన ఆరుగురు సభ్యుల ద్రవ్య విధాన కమిటీ దాన్ని నిర్ణయిస్తుంది. ధరల పెరుగుదలను 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతం లోపు, ఉంచడం ఆ కమిటీ బాధ్యత. 2019 ఆరంభంలో 6.5 శాతం ఉన్న రెపో అదే ఏడాది అక్టోబరుకు 5.15కు, కరోనా వచ్చాక 2020 మే 22న 4 శాతానికి దిగింది. రెండేళ్లు అక్కడే నిలిచింది. 2022 మే 4న, మామూలు సమావేశాల వరుసలో లేని రోజున, కమిటీ ఒక్కసారిగా 0.40 శాతం పెంచింది. 2023 ఫిబ్రవరికల్లా రెపో 6.5కు చేరింది. ఇక తగ్గుతుంది, ఇక తగ్గుతుంది అనుకుంటూ అందరూ రెండేళ్లు ఎదురుచూశారు. తొలి తగ్గింపు 2025 ఫిబ్రవరిలో వచ్చింది. ఆ తర్వాత మాత్రం చకచకా దిగి, జూన్‌లో 5.50, డిసెంబరులో 5.25 అయింది. ఎటువైపు పోతుందో ఊహించగలిగినా, ఎప్పుడన్నది ఊహించడం ఎంత కష్టమో ఈ ఏడేళ్లే చెబుతాయి.

రెపో కదిలిన వెంటనే ఎఫ్‌డీ రేటు కదలదు. ఇళ్ల అప్పులను 2019 అక్టోబరు 1 నుంచి రెపో వంటి బయటి రేటుకు ముడివేశారు. డిపాజిట్లకు అలాంటి ముడి లేదు. అప్పులకు గిరాకీ ఎలా ఉంది, చేతిలో నగదు ఎంత ఉంది అన్నవి చూసుకుని బ్యాంకు తన పట్టిక మారుస్తుంది. 2022లో ఇంటి అప్పు వాయిదా వెంటనే బరువెక్కింది. డిపాజిటుదారుకు వడ్డీ పెరగడానికి మాత్రం నెలలు పట్టింది. 2023, 2024లలో అప్పులిచ్చేందుకు సొమ్ము చాలక బ్యాంకులు డిపాజిట్ల కోసం పోటీపడ్డాయి. స్టేట్ బ్యాంకు 400 రోజులకు 7.10 శాతంతో అమృత్ కలశ్‌నూ, 444 రోజులకు 7.25 శాతంతో అమృత్ వృష్టినీ తెచ్చింది ఆ రోజుల్లోనే. ఇలాంటి వింత గడువుల వెనక బ్యాంకు లెక్క ఒకటి ఉంటుంది. పట్టిక మొత్తాన్ని పెంచకుండా, ఒక్క గడువుకే ఎక్కువిచ్చి అవసరమైనంత సొమ్ము సేకరించడం దానికి చవక.

సరితూగే రేటు

రేపటి రేటు ఎవరికీ తెలియదు. కానీ రెండు గడువులు ఏ రేటు దగ్గర సమానమవుతాయో ఈరోజే కట్టి చూసుకోవచ్చు. గడువులకూ రేట్లకూ ఉండే ఈ సంబంధాన్ని అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ 1896లోనే చర్చించాడు. దీర్ఘకాలపు రేటులో రాబోయే స్వల్పకాలపు రేట్ల అంచనా దాగి ఉంటుందన్నది ఆ ఆలోచన. ఎక్కువ కాలం డబ్బు కట్టిపడేసుకున్నందుకు అదనంగా కొంత ఇవ్వాలని ఆ తర్వాత బ్రిటన్‌కు చెందిన జాన్ హిక్స్ చేర్చాడు.

లెక్క చిన్నదే. 2023 ఫిబ్రవరి పట్టికలో స్టేట్ బ్యాంకు రెండు నుంచి మూడేళ్ల లోపు గడువుకు 7 శాతం, ఐదేళ్లకు 6.5 శాతం ఇచ్చింది. ఐదేళ్లకు వేస్తే వడ్డీ, చక్రవడ్డీ పక్కన పెట్టి చూస్తే, మొత్తం నూటికి 32.5. రెండేళ్లకు వేస్తే 14. మిగిలిన మూడేళ్లలో 18.5 రావాలి, అంటే ఏడాదికి 6.17. రెండేళ్ల తర్వాత మూడేళ్ల డిపాజిట్‌కు 6.17 కన్నా ఎక్కువ వస్తుందనుకుంటే రెండేళ్లది, రాదనుకుంటే ఐదేళ్లది. ప్రశ్న ఇంత చిన్నదైపోయాక జవాబు వెతకడం తేలిక.

ఈ ఉదాహరణలో జరిగింది కూడా చెప్పుకోవచ్చు. 2025 జూన్ నాటికి రెపో పూర్తిగా ఒక శాతం తగ్గింది. అప్పుడు అదే బ్యాంకు మూడేళ్లకు 6.30 ఇచ్చింది. భారతీయ బ్యాంకులు మూడు నెలలకోసారి వడ్డీని అసలులో కలుపుతాయి. ఆ లెక్కన, 2023 జూన్‌లో లక్ష రూపాయలు ఐదేళ్లకు వేసినవారికి 2028లో వచ్చేది 1,38,042. రెండేళ్లకు వేసి, 2025 జూన్‌లో మళ్లీ మూడేళ్లకు వేసినవారికి 1,38,585. తేడా 543 రూపాయలు. రేట్లు పడిపోయాక కూడా తక్కువ గడువే కాస్త ముందుంది, ఎందుకంటే ఆ పతనాన్ని బ్యాంకు ముందే ఊహించి ఐదేళ్ల రేటును తగ్గించి పెట్టింది. ఎక్కువ కాలానికి వేస్తే ఎక్కువ వడ్డీ అన్న నమ్మకం మనలో గట్టిది. పట్టికలో ఐదేళ్ల రేటు రెండేళ్ల రేటు కన్నా తక్కువ ఉన్నదంటే, రేట్లు దిగుతాయని బ్యాంకు అనుకుంటోందని అర్థం చేసుకోవాలి. అయితే బ్యాంకుదీ ఊహే.

ఆ ఊహ తప్పిన సందర్భం 2018 చివరిది. నవంబరులో స్టేట్ బ్యాంకు ఏడాది డిపాజిట్‌కు 6.80, ఐదేళ్లదానికి 6.85 పెట్టింది. అప్పటిదాకా రేట్లు పెరుగుతూ వచ్చాయి. ఇంకా పెరుగుతాయని ఏడాదికే వేసినవారు ఎందరో. మరుసటి ఏడాది 6.25కు, ఆ తర్వాత రెండుసార్లు 5 శాతం దగ్గర, 2022 చివర 6.10కి తిరగవేసుకోవలసి వచ్చింది. లక్షకు ఐదేళ్లలో వారికి దాదాపు 33 వేల వడ్డీ. ఒక్కసారే ఐదేళ్లకు వేసి మరిచిపోయినవారికి 40 వేలు దాటింది. పొట్టి గడువుకూ పొడుగు గడువుకూ తేడా 0.05 శాతమే ఉన్న రోజున పొడుగు గడువు తీసుకోవడం వల్ల పోయేది చాలా తక్కువ. ఎందుకంటే, తర్వాతి భాగంలో చెప్పే హక్కు అప్పుడు కూడా చేతిలో ఉంది.

మధ్యలో తీసుకునే హక్కు

ఈ మొత్తం వ్యవహారంలో డిపాజిటుదారుకు దక్కిన అతి విలువైన హక్కు గడువుకు ముందే సొమ్ము తీసుకోగలగడం. పెద్దగా ఎవరూ పట్టించుకోనిదీ ఇదే. 2023 అక్టోబరులో రిజర్వు బ్యాంకు ఈ హక్కును ఇంకా విస్తరించింది. కోటి రూపాయల వరకు వ్యక్తులు వేసే ప్రతి గడువు డిపాజిట్‌కూ మధ్యలో తీసుకునే వీలు ఉండి తీరాలి. అంతకు ముందు ఆ పరిమితి 15 లక్షలు. ఆదాయపు పన్ను మినహాయింపు కోసం వేసే ఐదేళ్ల డిపాజిట్ మాత్రం దీనికి బయట. దాన్ని మధ్యలో తియ్యడానికి వీల్లేదు, దాని మీద అప్పూ ఇవ్వరు.

మధ్యలో తీస్తే బ్యాంకు రాసుకున్న రేటు ఇవ్వదు. డిపాజిట్ వేసిన రోజున, నిజంగా నడిచిన కాలానికి పట్టికలో ఉన్న రేటు చూస్తుంది. అదీ, ఒప్పుకున్న రేటూ పోల్చి ఏది తక్కువైతే దానిలోంచి జరిమానా మినహాయిస్తుంది. స్టేట్ బ్యాంకులో 5 లక్షల వరకు అర శాతం, ఆపైన ఒక శాతం. ఏడు రోజులు నిండకుండా తీస్తే వడ్డీయే లేదు.

ఇంత కోత ఉన్నా తియ్యడమే లాభమైన రోజులుంటాయి. 2020 సెప్టెంబరులో ఒకరు లక్ష రూపాయలు ఐదేళ్లకు 5.4 శాతంతో వేశారనుకుందాం. 2023 ఫిబ్రవరికి రెండేళ్ల ఐదు నెలలు గడిచాయి. బయట 7 శాతం ఇస్తున్నారు. మధ్యలో తీస్తే, 2020లో రెండు మూడేళ్ల గడువుకు ఉన్న 5.1 శాతంలోంచి అర శాతం కోసి 4.6 శాతం లెక్కన వడ్డీ కడతారు. ఆ సొమ్మును మిగిలిన రెండేళ్ల ఏడు నెలలకు 7 శాతానికి వేస్తే 2025 సెప్టెంబరుకు దాదాపు 1,33,600 అవుతుంది. కదపకుండా ఉంచితే వచ్చేది 1,30,760. బ్యాంకుకు ఒకసారి వెళ్లి ఫారం మీద సంతకం పెట్టినందుకు 2,800 పైచిలుకు మిగులుతుంది. ఐదు లక్షల చొప్పున నాలుగు బాండ్లు ఉన్న పెన్షనరుకు ఇది 56 వేలకు పైమాట.

దీన్ని ముందుచూపుతో వాడుకోవచ్చు. రేట్లు పడితే పాత ఎక్కువ రేటు గడువుదాకా మనదే, బ్యాంకు దాన్ని తగ్గించలేదు. రేట్లు బాగా పెరిగితే జరిమానా కట్టి బయటికి రావచ్చు. ఒప్పందం ఇలా మన వైపు మొగ్గి ఉంటుంది. కాబట్టి రెండు గడువుల రేట్లు దాదాపు సమానంగా ఉన్నప్పుడు పొడుగు గడువే మేలు. రేట్లు పెరుగుతాయేమోనన్న ఒక్క భయంతో అంతా ఏడాది గడువుల్లో పెట్టుకునేవారు ఈ హక్కును వాడకుండా వదిలేస్తున్నారు. బాండును మధ్యలో విరగ్గొట్టాలా వద్దా అన్నదానికి కొలత ఇది: గడిచిన కాలం మీద పోయే వడ్డీ ఒకవైపు, మిగిలిన కాలం మీద అదనంగా వచ్చే వడ్డీ మరోవైపు. గడువు చివరికి వచ్చేసిన బాండును రేటు కోసం కదపడం దండగ.

కొద్ది రోజుల అవసరానికైతే బాండు జోలికే పోనక్కర్లేదు. డిపాజిట్ విలువలో 90 శాతం వరకు బ్యాంకులు దాని మీదే అప్పిస్తాయి. సాధారణంగా ఎఫ్‌డీ రేటుకు ఒక శాతం అదనం పడుతుంది. జూన్‌లో కాలేజీ ఫీజు కట్టి ఆగస్టులో తీర్చేయగలిగితే, బాండు అలాగే ఉంటుంది, పోయేది రెండు నెలల ఆ ఒక్క శాతమే.

ముక్కలుగా వెయ్యడం

ఎటూ తేల్చుకోలేనివారికి పాతదైన ఉపాయం ఒకటుంది. ఉన్న సొమ్మును భాగాలు చేసి వేర్వేరు గడువులకు వెయ్యడం. దీన్ని నిచ్చెన పద్ధతి అంటారు. ఐదు లక్షలుంటే ఒక్కో లక్ష ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదేళ్లకు. ఏటా ఒక బాండు తీరుతుంది, దాన్ని మళ్లీ ఐదేళ్లకు వేస్తారు. కొన్నేళ్లకు అన్నీ ఐదేళ్ల బాండ్లే అవుతాయి, అయినా ఏటా ఒకటి చేతికొస్తుంది. రేటు ఏ ఏడాది ఎలా ఉన్నా మొత్తం మీద సగటు దక్కుతుంది.

పుస్తకాల్లో చెప్పే ఐదు మెట్లు మన దగ్గర అన్నిసార్లూ పొసగవు. మన బ్యాంకుల పట్టికలో ఎక్కువ రేటు తరచు ఒకటి నుంచి మూడేళ్ల మధ్య ఉంటుంది. అలాంటప్పుడు ఒకటి, రెండు, మూడేళ్ల మెట్లు చాలు. ముక్కలు చెయ్యడంలో ఇంకో మేలు, రేటుతో సంబంధం లేనిది: ఆసుపత్రి ఖర్చు వచ్చి పడితే ఒక్క లక్ష బాండే విరుగుతుంది, మిగతా నాలుగూ పదిలం. జరిమానా పరిమితి కూడా ఒక్కో డిపాజిట్‌కు విడిగా చూస్తారు కాబట్టి పది లక్షల ఒక్క బాండు కన్నా రెండు ఐదు లక్షల బాండ్లు చవక. ముక్కలు చేసి పన్ను కోతను మాత్రం తప్పించుకోలేం. ఒకే బ్యాంకులో ఎన్ని ముక్కలున్నా వడ్డీ అంతా కలిపే లెక్కేస్తారు.

పెళ్లి, ఇంటి శ్లాబు, పిల్లల చదువు వంటి తేదీ తెలిసిన ఖర్చుకు నిచ్చెన అక్కర్లేదు. రేటు ఎలా ఉన్నా ఆ తేదీకి నెల ముందు తీరేలా గడువు పెట్టుకోవడమే సరైన పని. రేటును వెంబడించి పావు శాతం కోసం గడువు పొడిగించి, ముహూర్తానికి చేబదులు తెచ్చుకుంటే అక్కడ నడిచేది రెండు రూపాయల వడ్డీ.

పోస్టాఫీసు, మారే రేట్లు

పోస్టాఫీసు టైమ్ డిపాజిట్ ఒకటి, రెండు, మూడు, ఐదేళ్ల గడువుల్లో ఉంటుంది. చిన్న పొదుపుల రేట్లను కేంద్ర ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది. 2024, 2025లలో టైమ్ డిపాజిట్‌కు ఏడాదికి 6.9, ఐదేళ్లకు 7.5 శాతం ఉంది. బ్యాంకుల రేట్లు దిగుతున్నప్పుడు ఈ రేట్లు వెంటనే దిగవు. 2025లో రెపో మెట్టు తర్వాత మెట్టు పడుతున్నా పోస్టాఫీసు రేట్లు కదల్లేదు. రేట్లు పడుతున్న కాలంలో పొడుగు గడువు కావాలనుకునేవారు ముందు తట్టవలసిన తలుపు ఇదే. అరవై దాటినవారికి సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ పథకంలో 30 లక్షల వరకు, ఐదేళ్లకు రేటు ఖరారవుతుంది; 2024, 2025లలో అది 8.2 శాతం.

ఒకే కౌంటరులో రెండు రకాలున్న సంగతి గమనించాలి. టైమ్ డిపాజిట్, జాతీయ పొదుపు పత్రమైన ఎన్‌ఎస్‌సీ, సీనియర్ సిటిజన్ పథకం చేరిన రోజు రేటునే చివరిదాకా ఇస్తాయి. పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్ (పీపీఎఫ్), సుకన్య సమృద్ధి ఖాతాల్లో రేటు మారితే పాత సొమ్ముకూ మారుతుంది. రిజర్వు బ్యాంకు ఫ్లోటింగ్ రేటు బాండు రెండో రకానిదే. ఏడేళ్ల ఈ బాండు 2020 జులైలో 7.15 శాతంతో మొదలైంది. ఎన్‌ఎస్‌సీ రేటుకు 0.35 కలిపి ఆర్నెల్లకోసారి దీని రేటు సవరిస్తారు. 2023 జులైలో 8.05 అయింది. రేట్లు పెరుగుతాయన్న నమ్మకం ఉన్నవారికి ఇది తగినదే, కానీ మామూలు డిపాజిటుదారు దీన్ని మధ్యలో తీసుకోలేడు. వయోవృద్ధులకు మాత్రం కొన్ని సడలింపులున్నాయి.

పన్ను, ధరలు, భద్రత

ఎఫ్‌డీ వడ్డీ ఏటా ఆదాయంలో కలుస్తుంది, చేతికి ఐదేళ్ల తర్వాత వచ్చినా సరే. 2025 ఏప్రిల్ నుంచి ఒక బ్యాంకులో ఏడాది వడ్డీ 50 వేలు, వయోవృద్ధులకైతే లక్ష దాటినప్పుడే బ్యాంకు ముందుగా పన్ను (టీడీఎస్) కోస్తుంది. కోత పడకపోతే పన్ను లేదని కాదు. 30 శాతం శ్లాబులో ఉన్నవారికి 7 శాతం వడ్డీలో సెస్సుతో సహా పన్ను పోగా మిగిలేది 4.8. ధరల పెరుగుదల 2022-23లో సగటున 6.7 శాతం. అంటే ఆ ఏడాది వడ్డీ వచ్చినా సొమ్ము విలువ తరిగింది. 2025 అక్టోబరులో ధరల పెరుగుదల 0.25 శాతానికి పడిపోయినప్పుడు, చూడ్డానికి తక్కువగా కనిపించే 6 శాతం డిపాజిట్ నిజానికి బాగా గిట్టుబాటైంది.

బ్యాంకు దివాలా తీస్తే డిపాజిట్ బీమా సంస్థ ఒక్కో బ్యాంకులో ఒక్కో వ్యక్తికి అసలూ వడ్డీ కలిపి 5 లక్షల వరకు ఇస్తుంది. 2020 ఫిబ్రవరి 4కు ముందు అది లక్షే. 2001-02 ప్రాంతంలో హైదరాబాదులో కృషి, చార్మినార్ సహకార బ్యాంకులు కూలినప్పుడు డిపాజిటుదారులకు ఉన్న రక్షణ అంతే. సహకార బ్యాంకులకు ఈ బీమా ఉంది. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలకూ, పరపతి సొసైటీలకూ, ఫైనాన్స్ కంపెనీలకూ లేదు. పావు శాతం ఎక్కువకు ఆశపడే ముందు ఈ గీత ఎక్కడుందో చూసుకోవాలి, ఐదేళ్ల గడువైతే మరీను.

విదేశాల్లో ఉన్నవారు

అమెరికాలోని తెలుగువారికీ, కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి గల్ఫ్ వెళ్లినవారికీ ఈ ఎంపికలో మరో పొర ఉంటుంది. రూపాయల్లో వేసే ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌కు కనీస గడువు ఏడాది. అది నిండకుండా తీస్తే వడ్డీ రాదు కాబట్టి పైన చెప్పిన హక్కు మొదటి ఏడాది వారికి పనిచేయదు. వడ్డీకి భారత్‌లో పన్ను లేదు, అమెరికాలో ఉంది. డాలర్లలోనే ఉంచే ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్లు ఒకటి నుంచి ఐదేళ్లకు తీసుకుంటారు. అమెరికా కేంద్ర బ్యాంకు రేటు 2022 మార్చి దాకా సున్నా దగ్గర ఉండి, 2023 జులైకి 5.25-5.50 శాతానికి ఎక్కింది. అప్పుడు అక్కడి డిపాజిట్లకూ మన ఎన్‌ఆర్‌ఈకీ తేడా బాగా తగ్గిపోయింది. రూపాయి పడితే ఆ కాస్త తేడా కూడా మిగలదు. ఇక్కడే ఖర్చుపెట్టే సొమ్ముకు ఎన్‌ఆర్‌ఈ, తిరిగి అక్కడికి తీసుకెళ్లే సొమ్ముకు డాలరు డిపాజిట్ తగినవి.

గడువు తీరిన రోజు

గడువు తీరినప్పుడు ఏం చెయ్యాలో వేసేటప్పుడే బ్యాంకుకు చెప్పవచ్చు. ఆటో రెన్యువల్ పెడితే అంతే కాలానికి, ఆ రోజు పట్టికలో ఉన్న రేటుకు డిపాజిట్ తిరిగి మొదలవుతుంది. ప్రత్యేక పథకంలో దక్కిన రేటు రెండోసారి దక్కుతుందన్న హామీ లేదు. ఏ సూచనా ఇవ్వకుండా, తీసుకోకుండా వదిలేస్తే, 2021 జులైలో రిజర్వు బ్యాంకు మార్చిన నిబంధన ప్రకారం ఆ సొమ్ముకు పొదుపు ఖాతా రేటు, ఒప్పుకున్న రేటు, ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే వస్తుంది. ఏడు శాతం పలికిన సొమ్ము పొదుపు ఖాతా రేటుకు పడిపోవడానికి రేట్లు తగ్గనక్కర్లేదు, తేదీ మరిచిపోతే చాలు. తల్లిదండ్రుల బీరువాలో పాత బాండ్లు ఉన్న ఇళ్లలో వాటి గడువు తేదీలు ఒకసారి చూసి, నామినీ పేరు రాసి ఉందో లేదో సరిచూడటం మంచిది.